రాళ్ళ నదికి ఇవతలి గట్టు

అనగనగా కొండల దేశంలో ఒక రాజు. ఆయన ప్రజలంతా ఒకే పెద్దాయన సంతానం. యాకోబు అనే ఆ గొర్రెల కాపరికి పన్నెండుమంది కొడుకులు. కొడుక్కొక తెగ చొప్పున పన్నెండు తెగలయ్యాయి. ఒక ఏడు తూర్పు చక్రవర్తి దండెత్తి వచ్చి, పది తెగలను తాళ్ళతో కట్టి తోలుకుపోయాడు. మిగిలినవి రెండే. ఆ రెంటికీ రాజు మన రాజు.

ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. కూతురు మిల్కాను ఆ దండయాత్రకు ముందే ఆ పది తెగల్లోకి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆమె కూడా వాళ్ళతోపాటే పోయింది.

చక్రవర్తి కొలువులో ఒక మాంత్రికుడున్నాడు. పది తెగలనూ ఏడు ఎడారుల అవతల దింపి, అడ్డంగా ఒక నదిని పారించాడు. నీళ్ళ నది కాదు, రాళ్ళ నది. ఆరు రోజులు ఏనుగు తలంతలేసి బండలు దొర్లుతాయి. ఏడో రోజు నది ఆగుతుంది. ఆగినప్పుడు దాటొచ్చు కదా అంటారా? దాటరు. ఏడో రోజు వాళ్ళకు విశ్రాంతి దినం. ముందురోజు సాయంత్రం దీపం పెట్టింది మొదలు, మర్నాడు ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా వాళ్ళు పొయ్యి రాజేయరు, మూట ఎత్తరు, ప్రయాణం కట్టరు. ఆ సంగతి మాంత్రికుడికి బాగా తెలుసు. తెలిసే ఆ రోజున నదిని ఆపాడు.

ఇక్కడ రాణి ప్రతి వారం బిడ్డకొకటి చొప్పున నాలుగు దీపాలు పెట్టేది. మిల్కా పోయి పదేళ్ళయినా నాలుగే పెట్టేది. ఏడ్చి ఏడ్చి ఆమెకు చూపు పోయింది. మంచం పట్టింది.

"దాని చెయ్యి ఒక్కసారి పట్టుకుని పోతాను. నాకింకేం వద్దు" అంది.

పెద్దకొడుకు అమర్యా బయల్దేరాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని విని, ఏడు సముద్రాలు దాటి, దీవిలో ఖర్జూరపు చెట్టు మీదున్న ఇనుప పంజరం దించి, చిలక మెడ విరిచాడు. అక్కడ మాంత్రికుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఇక్కడ మూడు రోజులు బాకాలు ఊదారు. రాళ్ళు మాత్రం పారుతూనే ఉన్నాయి.

రెండోవాడు హనాను బయల్దేరాడు. ఏడో రోజు నది ఆగగానే గుర్రం మీద దాటి, చెల్లెలి తలుపు తట్టాడు.

"మిల్కా! నేనే, హనానన్నను!"

"మా అన్న ఈ రోజు గుర్రమెక్కడు," లోపలినుంచి అంది మిల్కా. "మా అన్నల వేషంలో మాంత్రికుడు ఎన్ని మాయలు పంపలేదు! ఫో అవతలకి!"

మాంత్రికుడు చచ్చాడని చెప్పినా నమ్మలేదు. ఏ తలుపూ తెరుచుకోలేదు. చుక్కలు పొడవకముందే హనాను ఒంటరిగా తిరిగొచ్చాడు.

ఇక చిన్నవాడు యోతాము. తల్లి మంచం పక్కన కూర్చుని అడిగాడు.

"అమ్మా, నువ్వెప్పుడైనా విశ్రాంతి దినం తప్పావా?"

"ఒక్కసారి తప్పాను. నీకు మూడేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోతుంటే ఆ రోజే పొయ్యి రాజేసి కషాయం కాచాను. ప్రాణం మీదికొస్తే అన్నీ పక్కన పెట్టమని మన శాస్త్రమే చెప్పింది నాయనా."

యోతాము ఆ మాట మూటగట్టుకుని, ఒంటెనెక్కి, ఏడు ఎడారులు దాటాడు. నది ఒడ్డున తలపై కిరీటంలాంటి జుట్టున్న కుకుడుగువ్వ ఒకటి కూర్చుని ఉంది.

"మూడోవాడివా? మీ ఇంట్లో ఇంకెంతమందున్నారు?" అంది.

"నేనే ఆఖరు. నది నడుమ నిలబడే చోటుందా?"

"ఒక బండుంది. ఇవతలి గట్టుకే దగ్గర. నది ఆగే ముందు రాళ్ళు పలచబడతాయి. అప్పుడు దిగితే చేరొచ్చు, కాళ్ళు మిగలకపోవచ్చు. ఇంకాసేపాగితే ఊరికే నడిచి వెళ్ళొచ్చు కదయ్యా!"

"ఊరికే దాటి వెళ్ళిన మా అన్నకు తలుపు తీయలేదు."

ఆరో రోజు పొద్దు వాలుతుండగా యోతాము నదిలోకి దిగాడు. మొదటి రాయి మడమను కొట్టింది. రెండోది మోకాలిని. మూడోది తొడను నలిపేసింది. చేతులతో పాకి బండెక్కాడు. అవతలి ఊళ్ళో దీపాలు వెలిగాయి. నది ఆగింది.

కుకుడుగువ్వ ఇల్లిల్లూ తిరిగి, "నదిలో మనిషి చచ్చిపోతున్నాడు!" అని అరిచింది. జనమంతా గట్టుకొచ్చారు. మిల్కా కళ్ళు చికిలించి చూసింది. తెల్లటి బండ మీద ఎర్రటి చార.

"మాయకు నెత్తురు కారదు," అంది. "తలుపు ఊడదీయండి, మొయ్యాలి."

పదిమంది మగవాళ్ళు తలుపు చెక్కతో దిగారు. మిల్కా దిగింది. మందు కట్టడం తెలిసిన ఆమె ఆడపడుచు తిర్సా దిగింది. బండ ఇవతలి గట్టుకే దగ్గర కనుక ఇవతలికే మోసుకొచ్చారు.

"అక్కా!"

"మాట్లాడకు తమ్ముడూ, కట్టు కట్టనీ."

యోతాము తల తిప్పి అవతలి గట్టు చూశాడు. వేలమంది నిలబడి ఉన్నారు. వాళ్ళంతా తన వెనకే దాటేస్తారనుకున్నాడు.

"అందరూ రండి! ఆగింది కదా, రండి!"

అవతలినుంచి ఒక ముసలాయన బదులిచ్చాడు. "నిన్ను మొయ్యడానికి పదిమంది చాలు నాయనా."

మర్నాడు పొద్దంతా నది ఊరికే పడి ఉంది. యోతాము పొద్దంతా పిలిచాడు. వాళ్ళు పొద్దంతా నిలబడ్డారు. ఒక్కరూ కాలు ముందుకు వెయ్యలేదు. మోసిన పదిమందీ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. గాయపడ్డవాణ్ణి వదిలిపోకూడదు కనుక మిల్కా, తిర్సా ఉండిపోయారు. మిల్కాకు అవతల ఎవరూ లేరు, భర్త దారిలోనే పోయాడు. తిర్సాకు తల్లి ఉంది. ఆ తల్లి అవతలి గట్టున నిలబడే ఉంది.

మొదటి చుక్క పొడిచింది. రెండోది పొడిచింది. తల్లి చెయ్యెత్తింది. మూడోది పొడిచింది. రాళ్ళ దుమ్ములో ఆ చెయ్యి కనపడకుండా పోయింది.

ఇంటికి చేరేసరికి రాణి ప్రాణాలతోనే ఉంది. మిల్కా చెయ్యి పట్టుకుని వేలు వేలూ తడిమింది. "పనిచేసి పనిచేసి గరుకెక్కింది," అంది. మూడో రోజు కన్నుమూసింది. చెయ్యి వదలలేదు.

ఏడాది తిరిగాక యోతాముకూ తిర్సాకూ పెళ్ళయింది. అన్నలిద్దరూ రాజ్యం తమ్ముడికే ఇమ్మన్నారు. కుంటి రాజని పిల్లలు వెనకనుంచి అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు.

అన్నేళ్ళూ ఆరో రోజు సాయంత్రం తిర్సా తూర్పు కిటికీలో తెగకొకటి చొప్పున పది దీపాలు పెట్టేది. ఒకసారి కూతురు అడిగింది.

"వాళ్ళకు కనిపిస్తాయా అమ్మా?"

"కనిపించవు."

"మరి ఎందుకు?"

"మా అమ్మ ఇప్పుడే దీపం పెట్టి ఉంటుంది," అంది తిర్సా. "నది ఆగి ఉంటుంది."