కుక్క పోయాక కాపలా

శరభయ్య వైద్యులుగారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "కానీ, చూద్దాం" అంటారు. శిష్యుడు కోటిలింగం అడిగింది చిన్న ప్రశ్నేం కాదు.

"గురువుగారూ, రోగాన్ని తరమడానికే కదా ఒంట్లో రక్షణ కణాలున్నది! అవే రక్తనాళాల గోడల్లో చేరి, నాళాన్ని బిరుసు చేసి, రక్తపోటు పెంచుతాయంటారేమిటి? కంచే చేను మేస్తుందా?"

"కానీ, చూద్దాం. ముందు మీ చెల్లెలి పెళ్ళి కానీ."

పెళ్ళినాడు వంటలు పెరట్లో, భోజనాల బంతులు వీధి పందిట్లో. నడుమ దారి, తాటాకు దడుల మధ్య సన్నటి సందు. మగపెళ్ళివారు ఆకుల ముందు కూర్చున్నవేళకి సరిగ్గా ఓ కుక్క ఆ సందులో దూరింది. కోటిలింగం కేక వేశాడు. మేనమామ గవర్రాజు నలుగురిని వెంటేసుకుని కర్రలతో దిగాడు. కుక్క ఒక్క గెంతున దడి దూకి పోయింది. గవర్రాజు మాత్రం కదల్లేదు.

"పోయినేడు నా చేతిలో గారె ఎత్తుకుపోయిన దొంగది ఇదేరా! వదుల్తానా!"

వడ్డించేవాళ్ళు ఇరుక్కుపోయారు. "నెట్టుకు రండ్రా!" అని కోటిలింగం వెనకనుంచి గదిమాడు. నెడితే దడి ఉబ్బింది, పులుసు గిన్నె ధనామంది. "మళ్ళీ వచ్చిందిరోయ్!" అని ఇంకో పదిమంది కర్రలతో సందులోకి. చప్పుడు చేసింది తమ గుంపేనన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

పందిట్లో వియ్యంకుడు ఖాళీ ఆకు మీద నీళ్ళు చల్లుకుంటూ, "ఏవోయ్ కోటిలింగం, వంట మా ఊళ్ళో వండించి తెస్తున్నావా?" అన్నాడు. బంతంతా గొల్లుమంది. కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. ఆ మాట రేపట్నించి అత్తారింట్లో పడాల్సింది చెల్లెలు.

శరభయ్యగారు ఆకు ముందునుంచి లేచి సందు మొగకి వెళ్ళారు.

"గవర్రాజూ, కుక్క ఏదీ?"

అందరూ కాళ్ళ సందుల్లో వెతికారు.

"గారెలు వేడిగా ఉన్నాయట. కర్ర అక్కడ పెట్టి, వచ్చి నా పక్కన కూర్చో."

గారె అనేసరికి గవర్రాజు మెత్తబడ్డాడు. అతని వెనకే పటాలమంతా వచ్చి కూర్చుంది. సందు విడింది. పప్పు, పులుసు, బూరెలు ఏరులా వచ్చిపడ్డాయి. వియ్యంకుడు "చాలు, చాలు" అంటూనే ఇంకో రెండు బూరెలు వేయించుకున్నాడు.

కోటిలింగం నెయ్యి గిన్నెతో గురువుగారి దగ్గర ఆగాడు. ఎడం చెయ్యి ఆకుకి అడ్డం పెట్టి ఇంకా గారెను కాపలా కాస్తున్న గవర్రాజుని ఆయన కళ్ళతోనే చూపించారు.

"తరిమినందుకు అతన్ని ఏమీ అనకూడదోయ్, నీ రక్షణ కణాల్నైనా అంతే. కుక్క పోయిందని చెప్పేవాడే లేకపోయాడు... ఊఁ, నెయ్యి వెయ్యి."