పథ్యం లేని మాత్ర

ఎవరైనా ప్రశ్న అడిగితే డాక్టర్ వర్ధనమ్మగారు ముందు చెప్పులు వెతుక్కునేవారు. కూర్చున్నచోట జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు లేదు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు కాన్పులు చేసి రిటైరయ్యాక, నేతపేటలో తన ఇంటి ముందుగదిలోనే పొద్దుటిపూట రోగుల్ని చూస్తుండేవారు. వచ్చిన ఆడవాళ్లను ఏమైందని అడిగేవారు కాదు, పొద్దున ఏం తిన్నావని అడిగేవారు. జ్వరమొచ్చినవాళ్లకూ, నడుం పట్టేసినవాళ్లకూ, ఊరికే పలకరించిపోదామని వచ్చినవాళ్లకూ అదే ప్రశ్న. పక్కన కూర్చుని వాళ్ల జవాబులన్నీ పుస్తకంలో రాసేది హైమవతి. ఆ పేటకు నర్సు ఆమే. చదువులో దొరకనిదేదో ఈవిడ దగ్గర దొరుకుతుందని, డ్యూటీ మొదలయ్యేలోపు రోజూ కాసేపు వచ్చి కూర్చోవడం రెండేళ్లుగా అలవాటు చేసుకుంది.

ఒకరోజు ప్రశ్న హైమవతే అడిగింది. పేటలో తాయారు అనే అమ్మాయికి ఆరో నెల నడుస్తోంది. రక్తం పదకొండు ఉండాల్సిన చోట ఏడు దాటడం లేదు. మూడు నెలలుగా హైమవతి ఐరన్ మాత్రలు ఇస్తూనే ఉంది. ఖాళీ అట్టలు చూపించాకే కొత్తవి ఇస్తోంది. ఏమేం తినాలో బొమ్మలు వేసిన కార్డు ఇచ్చి, దగ్గర కూర్చుని చదివి వినిపించింది కూడా. కిందటేడు ఇలాంటి ఒంటితోనే కాన్పుకు వెళ్లిన ఒక మనిషి తిరిగి ఇంటికి రాలేదు. అప్పుడు ఆ మంచం పక్కన నిలబడ్డది హైమవతే. అందుకని ఆమె గొంతులో శిష్యురాలి వినయం కంటే భయమే ఎక్కువగా ఉంది.

"మాత్రలు మంచివి కావా అమ్మగారూ, లేకపోతే నాకే చెప్పడం చేతకావడం లేదా?" అని అడిగింది.

వర్ధనమ్మగారు చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. హైమవతి పుస్తకం చంకలో పెట్టుకుని వెనకాలే నడిచింది.

వాళ్లు వెళ్లేసరికి తాయారు రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. మొగుడు బ్రహ్మయ్య మగ్గం గుంటలో ఉన్నాడు. పెద్ద డాక్టరమ్మ గడప తొక్కిందని అత్తగారు రాఘవమ్మ హడావిడిపడి చాప పరిచింది. కోడల్ని కాల్చుకుతినే అత్త అనుకునేరు, అదేం కాదు. రాఘవమ్మ మంచి మనిషే. ఆ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే చెడ్డ అత్త అయితే ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

పొద్దున ఏం తిన్నావని వర్ధనమ్మగారు తాయారును అడిగారు. టీ తాగానండి అంది తాయారు. అప్పటికి పదకొండు దాటింది. కోడలి బలానికి తను చేస్తున్నది చూపించాలని రాఘవమ్మ లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చింది. మోపెడ్ మీద తిరిగే మనిషెవరో అమ్మిన బలం పొడి అది. దానికి పథ్యం చాలా గట్టిదట. గోంగూర, వంకాయ, గుడ్డు, చేప ముట్టకూడదు. తాయారుకు ఆశ పుడుతుందని ఇంటిల్లిపాదీ మానేశారు. గోంగూర మానుకోవడం ఆ ఇంటికి చిన్న త్యాగమేమీ కాదు. రెండు నెలలుగా బ్రహ్మయ్య అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా నిట్టూరుస్తున్నాడని చెబుతూ, ఆ నిట్టూర్పును కూడా మందు ఖాతాలోనే వేసుకుంది రాఘవమ్మ.

డాక్టరమ్మ డబ్బా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టారు. కూరలోకి రెండు రెబ్బలు కరివేపాకు కావాలంటూ పెరట్లోకి వెళ్లారు. అక్కడి కరివేపాకు చెట్టు ఏపుగా పెరిగి గోడ దాటింది. ఆవిడ రెబ్బ తుంచలేదు. వంగి మొదట్లోకి చూశారు. హైమవతి కూడా చూసింది. తడి మట్టిలో సగం కరిగిన ఎర్రటి మాత్రలు కనిపించాయి. మూడు నెలలుగా తను పుస్తకంలో టిక్కులు పెట్టుకున్న మాత్రలు అవి. ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రాఘవమ్మ మాత్రం తడబడలేదు. అవి వేసుకుంటే కోడలికి కడుపులో తిప్పుతోందని చెప్పింది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"పథ్యమేంటి సిస్టరమ్మా అని మొదటిరోజే అడిగానుగా. ఏం లేదు, అన్నీ తినొచ్చు అన్నావు. పథ్యం లేనిది మందెట్టా అవుతుంది? ఊరికే ఇచ్చినవైనా పారేయబుద్ధి కాలేదు. చెట్టుకన్నా పనికొస్తుందని వేశాను."

హైమవతికి ఆ రోజు గుర్తొచ్చింది. పథ్యం లేదని తను నవ్వుతూ చెప్పింది. వాళ్లకు సులువుగా ఉంటుందనుకుంది. ఆ ఒక్క మాటతో మాత్రలకు ఆ ఇంట్లో విలువ పోయిందని ఇప్పుడు అర్థమై ఒళ్లు మండింది. మంట రాఘవమ్మ మీదో, తన మీదో తేలలేదు. అక్కడికక్కడే నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచింది. వర్ధనమ్మగారు ఆమె పుస్తకంలోంచి ఇంకో బొమ్మల కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్ను అడిగారు.

"పథ్యం ఉంది రాఘవమ్మా. కష్టమైంది కనక ఈ పిల్ల చెప్పడానికి భయపడింది. నువ్వు చెయ్యగలవా?" అన్నారు.

రాఘవమ్మ కొంగు బిగించి, చెప్పండి అంది.

డాక్టరమ్మ రాస్తూ చదివారు. నలభై రోజులు. రెండు పూటలా కుండలో మొదటి ముద్ద తాయారుది. ఆమె కడుపునిండా తినేదాకా ఇంట్లో ఇంకెవరి కంచంలోనూ మెతుకు పడకూడదు. అన్నంలోకి ఆకుకూర పప్పో, గుడ్డో, చేపో తప్పకుండా ఉండాలి. గోంగూర తినొచ్చు. మధ్యాహ్నం తిన్న గంటకు నిమ్మకాయ నీళ్లతో మాత్ర. ఆ పూట టీ లేదు. ఈ పథ్యం నడుస్తుండగా ఇంకో మందు కలవకూడదు, కాబట్టి పొడి డబ్బా అటకెక్కాలి. వింటున్న తాయారు రాట్నం ఆపేసింది. మగ్గం చప్పుడు కూడా ఆగింది.

"తప్పితే ఏమవుతుంది?" అని అడిగింది రాఘవమ్మ.

"ఏమీ కాదు. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క."

వీధి మలుపు తిరిగాక, పదిహేను రోజుల్లో అంకె కదలకపోతే తాయారును పెద్దాసుపత్రికి పంపి సెలైన్‌లో మందు ఎక్కించాలని, అందాకా వారానికోసారి చూసిరమ్మని వర్ధనమ్మగారు చెప్పారు. హైమవతి తలూపింది గానీ మనసు కుదుటపడలేదు. అలాంటి పథ్యం ఏ పుస్తకంలోనూ లేదని, చదువుకున్నవాళ్లు అలా చెప్పొచ్చా అని అంది.

"నీ కార్డులో ఏం తినాలో అంతా ఉంది హైమా. ఎవరు తిన్నాక తినాలో లేదు," అన్నారావిడ.

రాఘవమ్మ పథ్యాన్ని పట్టిన పట్టు పేటంతా చెప్పుకున్నారు. మగ్గం దిగి ఆకలిమీద వచ్చిన బ్రహ్మయ్య కుండ మూత తీయబోతే చెయ్యి మీద ఒకటి వేసి, నీ పెళ్లాం తినేదాకా వీధిలో కూర్చోమంది. తొమ్మిదో రోజున పొరుగూరి నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. అలవాటు చొప్పున ముందు అతనికి వడ్డించింది. అతను మూడో ముద్ద కలుపుతుండగా గుర్తొచ్చి గుండె మీద చెయ్యేసుకుంది. ఎవరూ చూడలేదు, కావాలంటే దాచొచ్చు. ఆ సాయంత్రమే మనిషిని పంపి, లెక్క మళ్లీ ఒకటికి వచ్చిందని డాక్టరమ్మకు కబురు చేసింది. తాయారుకు మొదట్లో ముద్ద దిగేది కాదట. ముసలావిడా, మొగుడూ ఆకలితో చూస్తుంటే తినడం సిగ్గుగా ఉండేదట. తర్వాత తర్వాత ఆ సిగ్గు పోయింది.

పదిహేనో రోజుకు అంకె ఎనిమిదికి వచ్చింది. నలభై రోజులు సక్రమంగా పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర అయింది. తర్వాత కూడా రాఘవమ్మ ఆపలేదు. కాన్పు ఆసుపత్రిలోనే జరిగింది. రక్తం కాస్త ఎక్కువే పోయింది. కిందటేడు నిలబడ్డచోటే నిలబడి హైమవతి తాయారు గోళ్లవంకే చూస్తూ ఉంది. గోళ్ల రంగు పోలేదు. తెల్లవారాక తాయారు కళ్లు తెరిచి పాప ఏదని అడిగింది. హైమవతి వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చింది.

కాన్పయిన పదకొండో రోజున రాఘవమ్మ వచ్చి, పథ్యం ఎప్పుడు విడవాలని అడిగింది. పిల్లకు పాలిస్తున్నన్నాళ్లూ నడపాలన్నారు డాక్టరమ్మ. ఆమె వెళ్లాక హైమవతి పాత ప్రశ్ననే ఇంకోలా తీసింది. తాయారును నిలబెట్టింది మాత్రా, పథ్యమా అని అడిగింది.

వర్ధనమ్మగారు ఈసారి చెప్పులు వెతుక్కోలేదు. ఆమెను తేరిపార చూశారు.

"పొద్దున ఏం తిన్నావు?"

రెండేళ్లలో ఆ ప్రశ్న హైమవతిని ఎవరూ అడగలేదు. పిల్లలకు క్యారేజీలు కట్టి, మామగారికి ఇడ్లీ పెట్టి, భర్తకు బాక్సు సర్ది, బస్సుకు పరుగెత్తడం వరకు గుర్తుంది.

"టీ తాగానండి," అంది.

డాక్టరమ్మ ఆమె వేలు పట్టుకుని సూది గుచ్చారు. ఎనిమిదిన్నర వచ్చింది. దాన్ని పుస్తకంలో హైమవతి చేతనే రాయించారు. తర్వాత ఒక చీటీ మీద రాఘవమ్మకు రాసిన పథ్యమే పొల్లుపోకుండా రాసి, మడిచి ఆమెకిచ్చారు.

"ఇది మీ ఇంట్లో అన్నం వడ్డించే మనిషికి ఇవ్వు."

"వడ్డించేది నేనేనండి," అంది హైమవతి.

"తెలుసు. ఆవిడకే ఇవ్వమంటున్నాను."