మండ్రగబ్బకు వెచ్చటి మూల

అనగనగా, మంచు దిగితే ఎదురింటి గుమ్మం కూడా కనపడని ఒక కొండ ఊళ్ళో చిలకమ్మ, గంగులు అని ఆలుమగలు ఉండేవాళ్ళు. వాళ్ళకి నెలల పాప. పేరు సీతాలు.

ఇంకా దగ్గరికి జరుగు తల్లీ. నీకు చలేస్తోందా? ఆ ఊళ్ళో దీనికి పదింతల చలి.

వాళ్ళు కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారు. గోడకి రాయి కావాలని గంగులు ఒక పెద్ద బండని గడ్డపారతో పెకలించాడు. దాని కింద ఏముందో తెలుసా? మండ్రగబ్బ! నల్లగా, నా అరచెయ్యంత తేలు! చిలకమ్మ కెవ్వుమని చెప్పు తీసింది. గంగులు అడ్డం వచ్చాడు.

"కొట్టకే. దాని ఇల్లు కూల్చి మనం ఇల్లు కట్టుకుంటన్నాం. ఈ చలిలో అదెక్కడికి పోతాది? ఎండలొచ్చేదాకా ఉంచుదాం."

అప్పుడు ఒక మట్టి బానలో ఇసుకా మట్టీ పోసి, నక్కడానికి ఒక పెంకు ముక్క పెట్టి, దాన్ని అందులో వేశాడు. చిల్లులున్న మూకుడు మూసి, మూకుడు మీద రాయి పెట్టి, బానని ఇంట్లో ఒక మూల ఉంచాడు. అప్పుడప్పుడూ ఒక బొద్దింకని వేసేవాడు. చిలకమ్మ మాత్రం ఆ మూలకి వెళ్ళేదే కాదు.

ఆ తర్వాత గంగులు అక్కకి జబ్బు చేసిందని కబురొచ్చింది. అతను కొండ దిగి వెళ్ళాలి.

"బాన చల్లబడనీకు చిలకా. చలికి అది బిగుసుకుపోతాది."

"నాకు బయ్యం మావా."

"నాకూ బయ్యమే. అందుకే రాయి పెట్టినాను" అన్నాడు. అని, మంచులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు చిలకమ్మ మూకుడు చిల్లులోంచి తొంగి చూసింది. తేలు ముడుచుకుపోయి ఉంది. కదలడం లేదు. మొగుడు చెప్పి వెళ్ళిన మాట ఉంది కదా! అప్పుడు కుంపటిలో నిప్పులు పోసి, బానని తెచ్చి దానిమీద పెట్టింది. కూడు వేడి చేసినట్టు తేలునీ వేడి చేద్దామనుకుంది పాపం.

కాసేపటికి లోపల బరబరా చప్పుడు. ఎందుకో చెప్పనా? వేడి ఎక్కువైతే తేలు చల్లదనం కోసం మట్టి తవ్వుకుని కిందికి పోతుంది. ఇక్కడేమో కిందే నిప్పు! తవ్వినకొద్దీ కాలుతోంది. అప్పుడది బాన గోడ పట్టుకుని పైకి పాకింది. మూకుడు చిల్లులోంచి నల్లటి తోక కొస బయటికొచ్చి అటూ ఇటూ ఆడింది. చిలకమ్మ గుడ్డలతో బానని పట్టి, కిందకి దించేసింది.

ఆ మర్నాడు మళ్ళీ చలి. ఈసారి కింద వద్దనుకుంది. బాన పక్కన బుడ్డిదీపం పెట్టి, రెండింటినీ కలిపి గొంగళి కప్పింది. కప్పి, పాపకి పాలివ్వడానికి కూర్చుంది.

కమురు వాసన!

చూస్తే గొంగళి అంటుకుంది. పైనేమో పొడి గడ్డి కప్పు. చిలకమ్మ పాపని ఉయ్యాల్లో పడేసి, గొంగళి పట్టి ఒక్క లాగు లాగి వాకిట్లో పారేసింది. చెయ్యి చురుక్కుమంది. నీళ్ళు కుమ్మరించి మంట ఆర్పింది. హమ్మయ్య అనుకుని లోపలికి వచ్చింది.

వచ్చి చూస్తే, గొంగళి లాగిన ఊపుకి రాయి జారి పక్కన పడి ఉంది. మూకుడు పగిలి ఉంది. బాన ఖాళీ!

అప్పుడు చిలకమ్మ ఏం చేసింది? ముందు ఉయ్యాల దగ్గరికి పరిగెత్తింది. పాప ఒళ్ళంతా చూసింది. ఉయ్యాల గుడ్డ దులిపింది. ఏమీ లేదు. పాపని వీపుకి కట్టేసుకుంది. తలుపు వెనక చూసింది, లేదు. చాప కింద చూసింది, లేదు.

ఇంతలో పాప తడిపేసుకుని ఏడుపు అందుకుంది. పొయ్యికి మూరెడు దూరంలో పాప గుడ్డల కుప్ప ఆరుతోంది. పొడి గుడ్డ కోసం చిలకమ్మ చెయ్యి చాపింది.

గుడ్డ కదిలింది.

చాపిన చెయ్యి చాపినట్టే ఆగిపోయింది. మడతలో మండ్రగబ్బ! వీపంతా తెల్లగా, బియ్యం గింజలు చల్లినట్టు. అవి గింజలు కావు తల్లీ, పిల్లలు! ఎప్పుడు కన్నదో ఏమో, వీపు నిండా మోసుకుని, వెచ్చదనం వెతుక్కుంటూ అక్కడికి వచ్చింది.

చిలకమ్మ దాన్ని ముట్టుకోలేదు. పెద్ద ముంత ఒకటి దానిమీద బోర్లించింది. ముంత కింద నుంచి తాటాకు ముక్క మెల్లగా దూర్చింది. అలాగే మోసుకెళ్ళి బానలోకి వదిలి, ఈసారి జల్లెడ మూసి తాడుతో కట్టింది. కట్టాక కూలబడి ఏడ్చింది.

ఏడుస్తూనే ఆలోచించింది. నిప్పుల మీద ఉండనన్నది. మంట పక్కన ఉండనన్నది. పొయ్యికి దూరంగా, గోరువెచ్చటి చోటు చూసుకుని కూర్చుంది.

అప్పుడు కూజాలో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, గోనెపట్టా చుట్టి, బానకి ఒక పక్కన మాత్రం ఆనించింది. మణికట్టు ఆనించి చూసింది. పాప స్నానం నీళ్ళకన్నా తక్కువ వేడి. రెండో పక్క చల్లగానే వదిలేసి, అటు ఇసుక మీద కాసిని నీళ్ళు చిలకరించింది. తేలు మెల్లగా వెచ్చటి పక్కకి వచ్చింది. కాసేపుండి, మధ్యకి జరిగింది. ఇక ఎక్కడుండాలో అదే చూసుకుంది. కూజా చల్లారినప్పుడల్లా చిలకమ్మ నీళ్ళు మార్చింది. మార్చిన ప్రతిసారీ జల్లెడ తాడు ముడి లాగి చూసుకుంది.

అక్కకి నయమయ్యాక గంగులు తిరిగొచ్చాడు. జల్లెడలోంచి చూసి నోరు తెరిచాడు.

"ఎన్ని పిల్లలే?"

"లెక్కెట్టే ధైర్నం నాకు లేదు."

"బయ్యం పోయిందా చిలకా?"

"పోలేదు మావా, పెరిగింది. ముందు సన్నచిల్లుల జల్లెడ తే. ఆ పిల్లలు వీపు దిగితే దీన్లోంచి దూరిపోతాయి!"

గంగులు కాళ్ళు కూడా కడుక్కోకుండా సంతకి పరిగెత్తాడు.

ఆ తర్వాత ఎండలొచ్చాయి. ఎవరూ రాయి కొట్టని వాలులో, ఒక బండ దగ్గర బాన వంచారు. తల్లి ముందు పోయింది. పిల్లలు తలో దారీ పోయాయి. చిలకమ్మ దూరంగా, పాపని గట్టిగా పట్టుకుని, చివరి పిల్ల కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది.

భయమేస్తోందా? వెయ్యనీ. లే, దుప్పటి దులుపుదాం. నువ్వా కొస పట్టుకో, నేనీ కొస పట్టుకుంటాను.

తేలు పోయె రాతికి,
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మనం మన పక్కకి!