ఇన్నాసమ్మ గిలక

మా తాతల తాతలకు మీసాలైనా మొలవని కాలంలో, రెండు వాగుల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఇన్నాసమ్మ అనే మనిషి తాటాకు చాపలు అల్లుకుని బతికేది. మొగుడు లేడు. బిడ్డలు ముగ్గురు.

ఆ ఊరి ఆచారం ఒకటి ముందే చెప్పాలి. ఎవరు పోయినా గుడిగంట కొట్టేవారు. గంట వినబడితే చాలు, దున్నేవాడు నాగలి ఆపి, వండేది గరిటె దించి, పోయినవాళ్ళ ఆత్మ కోసం మోకరించి పరలోక జపం చెప్పేవాళ్ళు. పేదవాడికి ఆ జపమే దారిబత్తెం అని ఊరి నమ్మకం.

ఆ ఏడు, నలభై రోజులు ఉపవాసాలుండే తపస్సుకాలంలో మశూచి వచ్చింది. మొదట పెద్దవాడు రాయన్న పోయాడు. ఇన్నాసమ్మ వాణ్ణి చాపలో చుట్టింది. గంట మోగింది, ఊరు మోకరించింది. తరువాత ఆడపిల్ల తెరేసమ్మ. దాన్నీ చాపలో చుట్టింది. గంట మోగింది, ఊరు మోకరించింది. ఇక మిగిలిన కడగొట్టువాడు బాలశౌరి మంచి శుక్రవారం మధ్యాహ్నం కన్నుమూశాడు. వాణ్ణీ చాపలో చుట్టింది. గంట మోగలేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. యేసుస్వామి సిలువ మీద పోయిన రోజున గుడిగంట ముట్టరు. పూజకు పిలవాలంటే గరగరమని మోగే చెక్కగిలక తిప్పుకుంటూ వీధుల్లో తిరుగుతారు.

ఇన్నాసమ్మ ఉపదేశి జోజప్ప దగ్గరికి పరుగెత్తింది. గుడి పనులన్నీ చూసేది ఆయనే. నియమం తప్పితే ఆకాశం విరిగి పడుతుందనుకునే మనిషి.

"అయ్యా, ఒక్క దెబ్బ కొట్టించండయ్యా. నా బిడ్డ ఒట్టి చేతుల్తో పోతన్నాడు."

"ఇయ్యాల కొట్టకూడదే ఇన్నాసమ్మా. స్వామికే కొట్టలేదు, నీ బిడ్డకి కొడతానా?"

ఆ మాటకు ఆమె ఏడుపు ఆగిపోయింది. స్వామికే కొట్టలేదు. అయితే స్వామిని కన్న మరియమ్మ తల్లి కూడా గంట లేకుండానే కొడుకును ఒళ్ళో పెట్టుకుందన్నమాట.

ఇన్నాసమ్మ ఇంటికి పోయి బిడ్డను భుజాన వేసుకుంది. గుడి గుమ్మంలోని గిలక తీసుకుంది. తూర్పు వీధిలో తిప్పింది, పడమటి వీధిలో తిప్పింది, వాగు గట్టున తిప్పింది. పూజకు వేళయిందనుకున్నారు జనం. స్వామి పాట్లు తలచుకుని ఏడుస్తూ వెంట నడిచారు. ఆ రోజు తల వంచుకుని నడవడం వాళ్ళ పద్ధతి. అందుకే ముందు నడిచేదెవరో ఒక్కరూ చూడలేదు. ఆమె తిన్నగా సమాధుల దొడ్డికి పోయి, రెండు పచ్చి సమాధుల పక్కన ఆగింది. అప్పుడు తలలెత్తారు.

జోజప్ప మండిపడ్డాడు. "ఎంత పని చేశావే! ఊరంతా స్వామి కోసం ఏడవాల్సిన రోజు గదే!"

"ఏడవండయ్యా. ఆయన కోసమే ఏడవండి. ఆ ఏడుపులో నా బిడ్డకి ఓ మూల చోటియ్యండి. ఇంకేం అడగను."

ముందు జోజప్ప మోకాళ్ళు వంగాయి. తరువాత ఊరంతా మోకరించింది.

బిడ్డ లేచి రాలేదు. ఆదివారం, స్వామి తిరిగి లేచిన పండుగకు గంటలు గణగణ మోగితే ఇన్నాసమ్మ చెవులు మూసుకుంది. ఆమె దుఃఖం తీరిందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది అబద్ధం. "తల్లీ, నువ్వు మూడోనాడు నీ కొడుకుని చూసుకున్నావు. నేనెప్పుడు చూసుకునేది?" అని గుడిలోని మరియమ్మ తల్లి స్వరూపాన్ని అడిగేది. అడుగుతూనే ముసలిదైంది. అడుగుతూనే పోయింది.

నేటికీ ఆ ఊళ్ళో మంచి శుక్రవారం గిలకను ఆ ఏడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేతికే ఇస్తారు. ఆమె ఎటు నడిస్తే ఊరు అటు నడుస్తుంది. ఎక్కడికని అడగరు. ఏ ఏడైనా అలాంటి తల్లి లేకపోతే గిలక మోగదు. ఆ నిశ్శబ్దానికి ముసలమ్మలు దండం పెట్టుకుంటారు.