తోడు లేని పెరుగు

పెరుగమ్మే పోలక్క వీధుల్లో పాడుకుంటూ తిరిగేది. ఒకనాడు ఆస్థానకవి గుండయభట్టు ఆమెను రాజు ముందుకి లాక్కొచ్చాడు.

"ప్రభూ! దీని పాటలు సొంతం కావు. వరస పాతది, మాటలు పాతవి. నా కావ్యం మీద ఎవరి నీడా పడలేదు. ఇలాంటి ఎంగిలి పాటలు మన రాజ్యంలో వినబడకూడదు!"

రాజు సరేనని తల ఊపబోయాడు. పాట ఆగితే పోలక్కకి ఊపిరి ఆగినట్టే.

"సరే భట్టుగారూ," అంది పోలక్క. "మా గేదె పాలిస్తాను, పట్టుకెళ్ళి ఎవరింటి తోడూ వేయకుండా గడ్డపెరుగు చేసుకురండి. తెచ్చారంటే నా నోరు కుట్టేసుకుంటా."

"అదెంత పని!" అన్నాడు భట్టు.

మర్నాడు ఆయన కుండ మూత తీస్తే, చింతపండు పిండిన పాలు విరిగి కంపుకొట్టాయి. రాజు ముక్కు మూసుకున్నాడు.

పోలక్క తన కుండ దించింది. అందులో పెరుగు, గరిటె గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంది.

"దీని తోడు మా పక్కింటి సూరమ్మత్త ఇచ్చింది. ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. మొదటి చుక్క ఏ తల్లిదో, ఆమెకో దండం! కానీ ప్రభూ, పాలు నా గేదెవి, కాచింది నేను. ఇది నా పెరుగు కాదంటారా? పాటా అంతే. వరస మా అమ్మమ్మది, అందులో కాగింది నా బతుకు."

"పాడుకో, పోలక్కా," అన్నాడు రాజు.

ఆ సాయంత్రం గుండయభట్టు చిన్న గిన్నెతో ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"కాస్త తోడు ఇవ్వమ్మా. ఎవరిచ్చారని అడిగితే నీ పేరే చెబుతాను."

"సూరమ్మత్త పేరు కూడా చెప్పండి," అంటూ పోలక్క గిన్నెలో తోడు వేసింది. "అలా చెప్పుకుంటూ పోతే మీకు పద్యం నేర్పిన గురువుగారి పేరూ గుర్తుకొస్తుందిలెండి."