ఆటబండ తల్లి కళ్లు తెరిచిన కథ

కొండెక్కి వచ్చిన అమ్మలారా, అయ్యలారా, ముందుగా ఒక ప్రశ్న. మీ ఇంట్లో అందరూ ఒకే చోట, ఒకరి ముఖం ఒకరు చూస్తూ నేల మీద కూర్చుని ఎన్నాళ్లైంది?

జవాబు ఇప్పుడే చెప్పనక్కర్లేదు. ముందు ఈ బండను చూడండి. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. బండ మీద పులి-మేక ఆట గీతలున్నాయి. ఆ గీతల మధ్య ఎవరు లాగినా కదలని రెండు నల్లరాళ్లున్నాయి. అవే ఆటబండ తల్లి కళ్లు.

పూర్వం ఇక్కడ బొజ్జన్న అనే గొర్రెల కాపరి తన కొడుకులు, కోడళ్లతో కాపురముండేవాడు. ఆ ఇంట ఆయన మాటే శాసనం. సాయంత్రం కాగానే ఈ బండ మీద కొడుకులతో పులి-మేక ఆడేవాడు. చింతగింజలు మేకలు, నల్లరాళ్లు పులులు. మేకలు ఎప్పుడూ ఆయనవే, గెలుపూ ఆయనదే. కొడుకులు కావాలనే ఓడిపోయేవారు. అది తెలియని బొజ్జన్న మీసం దువ్వుకుని, "నా మందను ముట్టే పులి ఇంకా పుట్టలేదు రా!" అనేవాడు.

ఒక ఏడు వానలు లేవు. గడ్డి ఎదురుకోనలో మాత్రమే మిగిలింది. తెల్లవారగానే మందను ఆ కోనలోకి తోలుకుపొమ్మని బొజ్జన్న చిన్నకొడుకు ఈరన్నను ఆజ్ఞాపించాడు. ఈరన్న భార్య సుంకమ్మ కట్టెలకు వెళ్లి, కోనకు రెండు వైపులా పులుల అడుగులు చూసి వచ్చింది. మగని చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నాయనకు ఎదురు చెప్పమంటావా? చంపుతాడు!"

"చెప్పకపోతే పులి చంపుతుంది. ఏది మేలు?"

అయినా తండ్రికి ఎదురు చెప్పే ధైర్యం ఈరన్నకు చాలలేదు. ఆ మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి ఈ బండ మీదే ఒరిగిన సుంకమ్మకు కలలో పసుపు ముఖంతో ఒక పెద్ద ముత్తైదువ కనిపించి, "నోటితో చెబితే మీ మామ వినడు. ఆడి చెప్పు" అన్నది.

సాయంత్రం సుంకమ్మ కొంగు బిగించి మామ ఎదుట కూర్చున్నది. కోడలు మామకు ఎదురుగా కూర్చోవడమే ఆ కాలాన అపచారం. తోడికోడళ్లు నోళ్లు నొక్కుకున్నారు. బొజ్జన్న నవ్వాడు. "ఏం పాపా, సంగటి గెలకడం అయిపోయిందా, పులుల్ని తోలేకి వచ్చినావు?"

ఆమె నవ్వలేదు. పులిరాయి జరిపి ఒక మేకను తిన్నది. తరువాత మరొకటి. బొజ్జన్న మెడ నరాలు ఉబ్బాయి. చివరి మేక రెండు పులుల మధ్య చిక్కగానే ఆయన చేతికర్ర గాలిలోకి లేచింది.

"కొట్టు మామా. కర్ర ఎత్తితే ఆట ఆగుతుంది, పులి ఆగదు. ఈ గీత ఎదురుకోన. ఇటొక పులి, అటొక పులి. అడుగులు నా కళ్లతో చూసినా. మధ్యనున్న ఈ గింజ ఎవరనుకున్నావు? నీ కొడుకు!"

కర్ర చాలాసేపు అలాగే నిలిచింది. తరువాత మెల్లగా దిగింది. బొజ్జన్న కొడుకుల వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ నన్ను గెలిపించినారా?"

"నువ్వు గెలిస్తేనే ఇంట్లో అందరికీ ముద్ద దిగేది నాయనా" అన్నాడు పెద్దకొడుకు.

మరునాడు మంద కదలలేదు. పొద్దెక్కేసరికి కోన రెండు కొసల నుంచీ గాండ్రింపులు వినిపించాయి. బొజ్జన్న నల్లరాళ్లు తీయబోతే అవి బండకు అతుక్కుపోయి ఉన్నాయి. తల్లి వెలిసిందని సాగిలపడి, ప్రతి మంగళవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఆడతామని మొక్కుకున్నాడు.

నేటికీ ఇక్కడ తీర్థంతో పాటు గుప్పెడు చింతగింజలు ఇస్తారు. కట్టుబాటు ఒక్కటే. పెద్దవారిని మెప్పించడానికి ఓడిపోరాదు. ఇలా వారం వారం ఆడే ఇంట భయం నిలవదనీ, చెప్పవలసిన మాట గొంతులో చావదనీ పెద్దల నమ్మకం.

కాబట్టి ఆ గింజలను దేవుడి గూట్లో దాచకండి. ఈ మంగళవారమే టీవీ కట్టేసి, సుద్దముక్కతో నేల మీద గీతలు గీయండి. ఇంటి పెద్దను పిలిచి, ఎదురుగా కోడలిని కూర్చోబెట్టండి. ఆయన మీద ప్రేమ ఉంటే, ఓడించండి.