దొరగారి పథ్యం

రేగడికొండ దొర రుద్రభూపతికి మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. పూటకో గిన్నెడు నెయ్యి తాగుతూ, నేలమీద కాలు పెట్టకుండా పల్లకీలోనే తిరిగితే వాయక ఏం చేస్తాయి? తనను మోసే బోయీలకు ఆ బాధ లేకపోవడం చూసి, మహిమంతా వాళ్లు తాగే రాగి అంబలిదేనని ఆయన తేల్చేశాడు. వెంటనే బోయీల వాడలోని రాగులన్నీ బండ్లకెత్తించి కోటకు తోలించాడు.

వాడలో పొయ్యిలు ఆరిపోయాయి. శ్రమ మాది, పంట మాది, పెత్తనం మాత్రం వాళ్లదా అని ఒక బోయీ భార్య సుంకులమ్మ కడుపు మండింది. అరిస్తే కొరడా తప్ప గింజ రాలదని తెలుసు కనుక, కోపం దిగమింగి కోటకు వెళ్లింది.

"వారం నుంచి మీ అంబలే తాగుతున్నాను. ఏం తగ్గిందే?" గద్దించాడు దొర.

"మందు ఉంటే చాలా దొరా, పథ్యం వద్దూ? పరగడుపున నడుచుకుంటూ మా వాడకు రావాలి. ముప్పై ఇళ్లలో ఇంటికో గుక్కెడు తాగాలి. నెయ్యి ముట్టారో, మందు విరిగిపోతుంది."

"రాగులు ఇక్కడుంటే అక్కడ అంబలెలా కాస్తారే?"

"నిజమే దొరా! నాకు తట్టనేలేదు. అయితే బండ్లు వెనక్కి తోలించండి."

బండ్లు వాడకు తిరిగొచ్చాయి, దొర రోజూ నడిచి వచ్చి అంబలి తాగాడు. నలభై రోజులకు వాపు సగం తీసింది. కోట మెట్లెక్కుతూ దొర సుంకులమ్మను అడిగాడు: "నిజం చెప్పవే, గుణమిచ్చింది అంబలా, నడకా, నెయ్యి మానడమా?"

"చెప్పను దొరా," అంది సుంకులమ్మ. "చెబితే అదొక్కటే ఉంచుకుని మిగతావి మానేస్తారు. లేదా, అది అంబలే అయితే, రాగులు మళ్లీ మా దగ్గర్నుంచి లాక్కుంటారు."